రుచి ముందా, సాధన ముందా?

తెల్లవారుజామున దీపం వెలిగించి విష్ణుసహస్రనామం చదవడానికి కూర్చున్న గృహస్థులలో చాలామందికి తెలిసిన అనుభవం ఒకటుంది. పెదవులు 'క్షేత్రజ్ఞోఽక్షర ఏవ చ' దాటి, ఎన్నో ఏళ్ల అలవాటు మీద ముందుకు సాగిపోతూనే ఉంటాయి. మనస్సు మాత్రం ఆఫీసులో నిన్న ఎవరో అన్న మాట దగ్గరో, ఈ నెల కట్టవలసిన వాయిదా దగ్గరో, పక్కగదిలో ఛార్జింగుకు పెట్టిన ఫోను దగ్గరో ఉంటుంది. పారాయణం పూర్తవుతుంది, హారతి కూడా అవుతుంది. అయినా లోపల ఏదో చేయవలసిన పని చేసేశామన్న తేలికే తప్ప, మళ్లీ ఎప్పుడు కూర్చుందామా అన్న తహతహ కలగదు. అదే మనిషి రాత్రి ఫోను చేతిలోకి తీసుకుంటే గంట ఎలా గడిచిందో తెలియదు.

'నాకు ఆధ్యాత్మికత మీద గౌరవం ఉంది, రుచి మాత్రం లేదు' అని ఒక గృహస్థు పెద్దల ముందు బాధపడితే సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. లోకవ్యామోహం తగ్గించుకుంటే భక్తి కుదురుతుందన్నది ఒకటి, భక్తి కుదిరితే లోకవ్యామోహం దానంతటదే తగ్గుతుందన్నది రెండోది. విడివిడిగా చూస్తే రెండూ సబబుగానే తోస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం రెండూ ఒకదానికొకటి అడ్డం నిలబడి దారి మూసేస్తాయి. మొదటిదానికి రెండోది కావాలి, రెండోదానికి మొదటిది కావాలి. మరి మొదలుపెట్టేది ఎక్కడ?

ఈ చిక్కుముడి మన కాలానిది కాదు. భగవద్గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుని లక్షణాలు చెబుతూ శ్రీకృష్ణుడు 'విషయా వినివర్తంతే నిరాహారస్య దేహినః, రసవర్జం రసోఽప్యస్య పరం దృష్ట్వా నివర్తతే' అంటాడు. ఇంద్రియాలకు ఆహారం అందించకుండా ఉన్నవాడి నుంచి విషయాలు, అంటే ఇంద్రియాలు కోరే భోగవస్తువులు, తొలగిపోతాయి గాని, వాటి మీది రసం, అంటే లోలోపలి మక్కువ, మిగిలిపోతుంది. పరమైనదాన్ని చూసిన తరువాతనే ఆ మక్కువ కూడా తొలగుతుంది. ఆ వెంటనే వచ్చే శ్లోకం, ఎంత వివేకంతో ప్రయత్నిస్తున్న మనిషి మనస్సునైనా ఇంద్రియాలు బలవంతంగా లాక్కుపోతాయని హెచ్చరిస్తుంది. శ్రీరామానుజాచార్యులు తమ గీతాభాష్యంలో ఇక్కడ ఆగి, ఇందులో ఉన్న ఇబ్బందిని దాచకుండా బయటపెట్టారు. ఆత్మదర్శనం లేనిదే విషయాల మీది రాగం పోదు, రాగం పోనిదే ఇంద్రియాలు లొంగవు, ఇంద్రియాలు లొంగనిదే ఆత్మదర్శనం కాదు. కాబట్టి ఈ మార్గం మనిషి స్వశక్తికి చాలా కష్టసాధ్యమని ఆయన తేల్చారు. దీనికి విడుపు తరువాతి శ్లోకంలోని 'మత్పరః' అనే మాటలో ఉందని ఆయన వివరణ. ఇంద్రియాలను పూర్తిగా గెలిచిన తరువాత భగవంతుని తలచుకోవడం కాదు, గెలవలేని స్థితిలోనే మనస్సును ఆయన మీద నిలపాలి. ఆ నిలపడమే మనస్సులోని మలినాన్ని కాలుస్తుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించకపోతే చర్చ తప్పుదారి పడుతుంది. అద్వైత సంప్రదాయంలో బ్రహ్మజిజ్ఞాసకు ముందు ఉండవలసిన అర్హతలుగా వివేకం, వైరాగ్యం, శమదమాది షట్కసంపత్తి (మనోనిగ్రహం, ఇంద్రియనిగ్రహం మొదలైన ఆరు గుణాలు), ముముక్షుత్వం (మోక్షం మీది కోరిక) అనే నాలుగింటిని చెప్పారు. అక్కడ వైరాగ్యం వాకిట్లోనే ఉండాలి. భక్తి సంప్రదాయాలు వైరాగ్యాన్ని వాకిట్లో అడగవు. ఇవి రెండూ పరస్పర విరుద్ధం కావా అనే సందేహానికి భాగవతం పదకొండో స్కంధంలో ఉద్ధవునికి శ్రీకృష్ణుడు చెప్పిన మాటలు సమాధానమిస్తాయి. కర్మల మీద పూర్తిగా విసుగు పుట్టినవారికి జ్ఞానయోగం, కోరికలు బలంగా ఉన్నవారికి కర్మయోగం, పూర్తి విరక్తీ లేక అతిగా ఆసక్తీ లేక మధ్యలో ఉండి భగవత్కథల మీద శ్రద్ధ పుట్టినవారికి భక్తియోగం అని అక్కడ విభాగం. మనలో ఎక్కువమందిమి ఆ మధ్యలో ఉన్నవాళ్లమే.

అదే అధ్యాయంలో మరికొంత ముందుకు వెళితే, నా దృష్టిలో ఈ విషయం మీద మన వాఙ్మయంలో ఉన్న అత్యంత దయగల మాటలు కనిపిస్తాయి. కోరికలు చివరకు దుఃఖమే మిగులుస్తాయని తెలుసు, అయినా వాటిని విడిచిపెట్టే శక్తి లేదు, 'పరిత్యాగేఽప్యనీశ్వరః'. అటువంటివాడు ఏం చేయాలి? ఆ కోరికలను అనుభవిస్తూనే, అవి దుఃఖంతో ముగుస్తాయని లోలోపల వాటిని గర్హిస్తూనే, శ్రద్ధతో, దృఢనిశ్చయంతో, ప్రీతితో నన్ను భజించాలి అంటాడు భగవంతుడు. అనుభవించడాన్ని సమర్థించుకోవద్దని చెబుతున్నాడు, అనుభవిస్తున్నాం కనుక భజించే అర్హత లేదనుకోవద్దనీ చెబుతున్నాడు. మనలో చాలామందిమి ఈ రెండింటిలో ఏదో ఒక తప్పు చేస్తాం. ఒకరు 'సంసారంలో ఉన్నాక ఇవన్నీ తప్పవు' అని కోరికకు శాస్త్రం కడతారు. మరొకరు 'ఇంత మలినమైన మనస్సుతో దేవుని ముందు కూర్చోవడం కపటం' అని లేచిపోతారు. కపటమంటే లేని వైరాగ్యాన్ని నటించడం. గీత మూడో అధ్యాయం మిథ్యాచారుడని పిలిచింది కర్మేంద్రియాలను బిగబట్టి మనస్సులో విషయాలను నెమరువేసుకునే మూఢుణ్ణి. మనస్సు చెదురుతోందని బాధపడుతూ కూర్చున్నవాణ్ణి ఆ మాట అనలేదు.

బలవంతపు వైరాగ్యం గురించి గౌడీయ వైష్ణవ సంప్రదాయ ప్రవర్తకుడైన చైతన్య మహాప్రభువు రఘునాథదాసుకు చెప్పిన మాటలను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. బెంగాల్‌లోని సప్తగ్రామానికి చెందిన ఈ యువకుడు లక్షల ఆదాయమున్న జమీందారీ కుటుంబానికి వారసుడు. ఇల్లు విడిచి పారిపోవాలని పదేపదే ప్రయత్నించేవాడు. ఆయన తన దగ్గరకు వచ్చినప్పుడు చైతన్యులు సన్న్యాసం ఇవ్వలేదు. పిచ్చివాడివి కావద్దు, స్థిరంగా ఇంటికి వెళ్లు, లోకం చూడడానికి కోతి వైరాగ్యం పట్టవద్దు, తగినమేరకు విషయాలను అనాసక్తుడవై అనుభవించు, మనుషులు భవసాగరాన్ని క్రమక్రమంగానే దాటుతారు అని చెప్పి పంపారు. రఘునాథుడు ఇంటికి వెళ్లి బయటికి మామూలు మనిషిలా వ్యవహారాలు చూసుకున్నాడు. కాలం పక్వమైన తరువాత పూరీకి చేరి, ఆ సంప్రదాయంలోనే అత్యంత కఠోర విరాగిగా నిలిచాడు.

ఆ 'క్రమక్రమంగా' అన్నదానిలో ఏ మెట్లు ఉన్నాయో చైతన్యుల శిష్యులైన రూపగోస్వామి తమ భక్తిరసామృతసింధువులో వరుసపెట్టారు. రూపగోస్వామి కూడా ఒకప్పుడు గౌడదేశపు సుల్తాను హుసేన్ షా కొలువులో ఉన్నతోద్యోగి, లోకాకర్షణలను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవారు కాదు. ఆయన చెప్పిన క్రమం ఇది: శ్రద్ధ, సాధుసంగం, భజనక్రియ, అనర్థనివృత్తి (భజనకు అడ్డుపడే దోషాలు తొలగడం), నిష్ఠ, రుచి, ఆసక్తి, భావం, ప్రేమ. ఇందులో రుచి ఆరోది. మన గృహస్థు మొదటి మెట్టు మీద నిలబడి ఆరో మెట్టు తన కాలికింద లేదని దిగులుపడుతున్నాడు. రుచి లేకుండా భజన చేయడం లోపం కాదు, ఆ దశలో భజన అలాగే ఉంటుంది.

మరి రుచి లేనప్పుడు చేయించేది ఏది? శ్రద్ధ, అంటే ఇది నాకు మేలు చేస్తుందన్న నమ్మకం. ఇది ఎలా పనిచేస్తుందో రూపగోస్వామి ఉపదేశామృతంలో ఒక శ్లోకం వివరిస్తుంది. అవిద్య అనే పైత్యంతో వేడెక్కిన నాలుకకు కృష్ణనామం, కృష్ణచరితం అనే పటికబెల్లం రుచించదు. కాని అదే పటికబెల్లాన్ని ఆదరంతో, ప్రతిదినమూ సేవిస్తే క్రమంగా తియ్యబడుతుంది, ఆ రోగాన్ని వేళ్లతో సహా పెకలిస్తుంది. పచ్చకామెర్లు వచ్చినవాడికి తీపి చేదుగా తోచడం, ఆ తీపే అతనికి పథ్యం కావడం పాతకాలపు వైద్యంలో అందరూ ఎరిగిన సంగతి.

తెలుగువారికి ఈ సందర్భంలో వెంటనే గుర్తొచ్చేది 'తినగ తినగ వేము తియ్యనుండు' అన్న వేమన మాట. సాధన ప్రాముఖ్యానికి దీనికి మించిన మాట లేదు. అయితే రూపగోస్వామి చెబుతున్నది దీనికంటె ఒక అడుగు అవతలిది. వేపాకు స్వభావంగా చేదు, అలవాటు ఆ చేదును మరిపిస్తుంది. పటికబెల్లం మొదటినుంచీ తీపే, చెడినది నాలుక. మొదటిదానిలో జరిగేది అలవాటు పడడం, రెండోదానిలో జరిగేది స్వస్థత. ఈ తేడా పట్టించుకోకపోతే ఏళ్ల తరబడి యాంత్రికంగా పారాయణం చేసి, చేయకపోతే తోచనంతగా అలవాటైతే అదే రుచి అనుకునే ప్రమాదముంది. శ్లోకం 'అనుదినం' అన్నదానితో ఊరుకోలేదు, 'ఆదరాత్' అని కూడా అంది. పతంజలి యోగసూత్రాలలో అభ్యాసం దృఢం కావడానికి చెప్పిన షరతులు కూడా ఇవే: దీర్ఘకాలం, ఎడతెగకపోవడం, సత్కారంతో సేవించడం. మొదటి రెండూ మనలో చాలామందికి ఉంటాయి, జారిపోయేది మూడోదే.

రుచికి ముందరి ఈ ఎండకాలాన్ని అదే సంప్రదాయంలో తరువాతి ఆచార్యులైన విశ్వనాథ చక్రవర్తి తమ మాధుర్యకాదంబినిలో వర్ణించినంత నిశితంగా మరొకరు వర్ణించడం నేను చూడలేదు. నిష్ఠ కుదరని భజనలో ఆయన ఆరు స్థితులను గుర్తించారు. మొదటిది ఉత్సాహమయి: దీక్ష తీసుకున్న కొత్తలో, నాలుగు ప్రవచనాలు విన్న వేడిలో, అంతా తెలిసిపోయిందన్న ఊపు. రెండోది ఘనతరల: కొన్నాళ్లు చిక్కగా, కొన్నాళ్లు పలచగా సాగే సాధన. మూడోది వ్యూఢవికల్ప: ఇల్లు విడవాలా, ఇంట్లోవారినే భక్తులుగా మార్చాలా, జపం చేయాలా, శాస్త్రం చదవాలా అని ఎటూ తేలని ఆలోచనలు. నాలుగోది విషయసంగర, అంటే విషయాలతో యుద్ధం. ఇకమీదట ఈ భోగాల జోలికి పోకూడదని తీర్మానించుకోవడం, కొన్నిసార్లు గెలవడం, కొన్నిసార్లు ఓడిపోవడం. అయిదోది నియమాక్షమ: రోజూ ఇన్ని మాలల జపం, ఇన్ని నమస్కారాలు అని సంకల్పించుకుని నిలబెట్టుకోలేకపోవడం. ఆరోది తరంగరంగిణి: భక్తి కనబడిన చోటికి జనం ఆకర్షితులవుతారు, వారి వల్ల లాభం, పూజ, ప్రతిష్ఠ అనే అలలు లేస్తాయి, సాధకుడు ఆ అలల్లో ఆడుకుంటూ ఉండిపోతాడు.

ఈ వరుసలో రెండు సంగతులు నన్ను నిలిపివేస్తాయి. విషయాలతో పోరాడి ఓడిపోవడాన్ని ఆయన భజనకు బయట పెట్టలేదు, భజనలోనే ఒక స్థితిగా లెక్కగట్టారు. ఓడినవాడు దారి తప్పినవాడు కాడు, దారి మధ్యలో ఉన్నవాడు. ఇక రెండోది, లోకాకర్షణను ఇంటి బయట, బజారులో, తెరమీద మాత్రమే వెదికే మన అలవాటును ఆరో స్థితి సరిదిద్దుతుంది. సత్సంగంలో ముందువరుస ఆసనం, పూర్ణకుంభ స్వాగతం, 'మీరు చెబితే వినాలనిపిస్తుంది' అన్న పొగడ్త కూడా విషయాలే. పైగా ఇవి భక్తి వేషంలో వస్తాయి కనుక వీటితో యుద్ధం చేయాలన్న ఆలోచన కూడా తట్టదు. అనర్థాలు పాపంనుంచి, పుణ్యంనుంచి, అపరాధంనుంచి పుట్టినట్లే భక్తినుంచి కూడా పుడతాయని ఆయన విడిగా చెప్పడం ఇందుకే.

సాధన ఇలా ఒంటరి పోరాటంగానే సాగాలా అంటే, రూపగోస్వామి క్రమంలో శ్రద్ధకు, భజనకు నడుమ సాధుసంగం ఉందని మరచిపోకూడదు. రుచి చాలావరకు ఒకరినుంచి ఒకరికి అంటుకునేది. భాగవతం మొదటి స్కంధంలో నారదుడు వ్యాసునికి తన పూర్వజన్మ కథ చెబుతాడు. ఆయన ఒక దాసి కొడుకు. వానాకాలపు నాలుగు నెలలు ఒకచోట నిలిచిన సాధువులకు పరిచర్య చేసే పని పసివాడిగా ఆయనకు అప్పగించారు. ఆటలు మాని, మితంగా మాట్లాడుతూ, వారు అనుమతించగా వారు తినగా మిగిలినది తింటూ, రోజూ వారు గానం చేసే కృష్ణకథలు వింటూ ఉండగా ఆ ధర్మం మీద తనకు రుచి పుట్టిందని నారదుడు అంటాడు. ఆయన ఏ విషయంతోనూ యుద్ధం చేసినట్లు అక్కడ లేదు. రుచి ఉన్నవారి మధ్య మసిలాడు, విన్నాడు, సేవ చేశాడు.

ఆ నారదుడే తరువాత ప్రహ్లాదునికి మూలమయ్యాడు. పోతన ప్రహ్లాదుని నోట పలికించిన 'మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు' అన్న పద్యం మన చిన్నతనంలోనే నోటికి వస్తుంది. మందారపు తేనెలో తేలే తుమ్మెద ఉమ్మెత్తపూలకు పోదు, హరి పాదచింతన అనే అమృతం తాగి మత్తెక్కిన చిత్తం మరొకదాన్ని చేరదు. ఇక్కడ ప్రహ్లాదుడు ఉమ్మెత్తను నిందించడం లేదు, పోవద్దని తుమ్మెదను శాసించడమూ లేదు. మందారం దొరికింది కనుక ఇక పోదు, అంతే. గీతలో 'పరం దృష్ట్వా' అన్నదానికి తెలుగులో ఇంతకంటె గొప్ప వ్యాఖ్యానం ఉందనుకోను. అయితే ఈ పద్యాన్ని మనం చదివే తీరులో ఒక పొరపాటు ఉంది. అది చేరుకున్నవాడి మాట, మనం దాన్ని బయలుదేరేవాడికి కొలతగా పెడతాం. ప్రహ్లాదుడు పుట్టుకతోనే భక్తుడు కనుక ఆయనకు ఆ రుచి సహజమని, మనకు లేదని సరిపెట్టుకుంటాం. భాగవతమే దీనికి అడ్డు చెబుతుంది. తల్లి కడుపులో ఉండగా నారదుని ఉపదేశం విన్నానని, అందుకే ఇది తెలిసిందని ప్రహ్లాదుడే తోటి పిల్లలకు చెబుతాడు. ఆయన రుచికి కూడా శ్రవణమే కారణం.

గోదావరి ఒడ్డున జరిగిన ఒక సంభాషణ ఈ విషయాన్ని మరింత లోతుకు తీసుకుపోతుంది. 1510లో సన్న్యాసం స్వీకరించిన చైతన్యులు కొద్ది నెలలకే దక్షిణయాత్రకు బయలుదేరారు. ఆ రోజుల్లో రాజమహేంద్రవర ప్రాంతాన్ని గజపతి ప్రతాపరుద్రుని తరఫున పాలిస్తున్నవారు రామానందరాయలు. చైతన్యచరితామృతం ప్రకారం చైతన్యులు గోదావరిలో స్నానం చేసి ఒడ్డున కూర్చుని ఉండగా, పల్లకిలో, మంగళవాద్యాలతో, బ్రాహ్మణ పరివారంతో రామానందులు స్నానానికి వచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకుని కన్నీరు కారుస్తుంటే, శూద్రుణ్ణి కౌగిలించుకుని సన్న్యాసి ఏడవడమేమిటని వెంట వచ్చినవారు విస్తుపోయారు. ఈ సమాగమం జరిగింది నేటి కొవ్వూరు దగ్గరేనని సంప్రదాయం, అక్కడ ఒక గౌడీయమఠం కూడా ఉంది. ఆ సాయంత్రం చైతన్యులు ప్రశ్నిస్తుంటే రామానందులు జీవితలక్ష్యాన్ని వర్ణాశ్రమధర్మంతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా చెబుతూ పోతారు. మొదట్లో ప్రతిసారీ 'ఇది బయటిది, ఇంకా ముందుకు చెప్పు' అన్నదే సమాధానం. ప్రేమభక్తి దగ్గరకు వచ్చినప్పుడు రామానందులు రెండు శ్లోకాలు వినిపిస్తారు. కడుపులో గట్టి ఆకలి, దప్పిక ఉన్నంతవరకే అన్నపానాలు సుఖమిస్తాయని మొదటిది. కృష్ణభక్తిరసంలో ఊరిన బుద్ధి ఎక్కడ దొరికినా కొనుక్కోండి, దానికి లౌల్యం ఒక్కటే మూల్యం, కోటి జన్మల పుణ్యంతోనూ అది దొరకదు అని రెండోది.

లౌల్యమంటే విపరీతమైన ఆశ. విషయాల పట్ల దోషంగా ఎంచే లక్షణమే ఇక్కడ ఏకైక మూల్యమైంది. కోరికను చంపుకోమని కాదు, కోరిక చాలలేదని ఈ శ్లోకం ఫిర్యాదు. ఇంకొక సంగతి, ఈ మాటలు పలికింది పల్లకిలో తిరిగే ఒక పరిపాలకుడు. వీడ్కోలు వేళ ఉద్యోగం విడిచి పూరీకి రమ్మని చైతన్యులు ఆయనకు చెప్పారు, రాజు అనుమతితో ఆయన అలాగే వెళ్లారు. అధికారం వదులుకున్నందువల్ల రుచి వచ్చినట్లు కాక, రుచి పండిన తరువాత అధికారం రాలిపోయినట్లు ఆ కథ నడిచింది. భాగవతం మరోచోట, అన్నం తినేవాడికి ముద్దముద్దకూ తృప్తి, పుష్టి, ఆకలి తీరడం ఒకేసారి కలిగినట్లు, శరణుపొందినవాడికి భక్తి, భగవదనుభవం, ఇతరాల మీద విరక్తి మూడూ ఒకే కాలంలో కలుగుతాయంటుంది. వైరాగ్యం ముందా భక్తి ముందా అన్న ప్రశ్నకు ఇది నేరుగా వచ్చిన జవాబు: ఎంత తిన్నామో అంత మేరకు రెండూ.

రుచి వచ్చిందని తెలిసేదెలా? ఇందులోనూ విశ్వనాథ చక్రవర్తి రెండు రకాలు చూపించారు. ఒకటి వస్తువు విశిష్టతను ఆశించేది. కీర్తన శ్రుతిబద్ధంగా ఉండాలి, అలంకారం కన్నులపండువుగా ఉండాలి, చెప్పేవారు రసవత్తరంగా చెప్పాలి, అప్పుడే ఆనందం. రెండోది అటువంటి ఆశ లేనిది. అవి ఉంటే మరింత సంతోషమే, లేకపోయినా మొదలుపెట్టగానే ఆనందం. మొదటిదాన్ని ఆయన తోసివేయలేదు, హృదయంలో ఇంకా కొంత దోషం మిగిలి ఉందనడానికి గుర్తుగా మాత్రం చూపారు. మంచి వేదిక, మంచి మైకు, పేరున్న గాయకుడు ఉన్న భజనలో ఆనందబాష్పాలు రాల్చి, మర్నాడు ఇంట్లో ఒంటరిగా పది నిమిషాలు కూర్చోలేకపోతున్నామంటే, నిన్న మనకు దొరికినదానిలో నామం ఎంత, సంగీతం ఎంత అని నిజాయితీగా చూసుకోవలసి ఉంటుంది. బుల్లితెర మీద, ఫోనులో ఇరవైనాలుగు గంటలూ ఆధ్యాత్మిక కార్యక్రమాలు అందుబాటులో ఉన్న ఈ రోజుల్లో ఈ విభజన ఆయన కాలంలో కంటె మనకే ఎక్కువ అవసరం.

రుచి తరువాతి మెట్టు ఆసక్తి. రుచి భజన మీద, ఆసక్తి భజింపబడేవాడి మీద. ఈ రెంటి నడుమ సరిహద్దును విశ్వనాథ చక్రవర్తి మనస్సు కదలికతోనే గీశారు. అంతకుముందు భగవంతుని మీద నిలిపిన మనస్సు ఎప్పుడు జారి లోకవ్యవహారంలో పడిందో సాధకుడికి తెలియదు, తెలిసిన తరువాత ప్రయత్నించి వెనక్కు తెచ్చుకోవాలి. ఆసక్తి కలిగినవాడికి లోకవ్యవహారం మధ్యలో, ఎవరితోనో మాట్లాడుతూ ఉండగానే, మనస్సు ఎప్పుడు జారి భగవంతుని రూపగుణాలలో పడిందో తెలియదు.